ఓసీటీ ఒక గదిలో, రికార్డు మరో గదిలో: కంటి క్లినిక్‌లో రెండింటినీ కలపడం ఎలా?

పాలమూరు వైపు కంటి క్లినిక్ నడిపేవారికి ఇది రోజూ ఎదురయ్యే సంగతే. పుణెలో మేస్త్రీ పని చేసి ఎనిమిది నెలల తర్వాత ఊరికి వచ్చిన మనిషి, షుగరు ఉన్నవాడు, వచ్చి కూర్చుని అడుగుతాడు: ‘పోయినసారి కంటి లోపల ఫోటో తీశారు కదా సార్, ఇప్పుడు పెరిగిందా, తగ్గిందా?’ ఫోటో ఉంది. ఫండస్ కెమెరా పక్కనున్న కంప్యూటరులో ఎక్కడో ఉంది. ఏ పేరుతో దాచారో, ఆ రోజు ఆ గదిలో ఎవరున్నారో ఎవరికీ గుర్తు లేదు. చివరికి మళ్లీ చుక్కలు వేసి కూర్చోబెట్టి, మళ్లీ ఫోటో తీసి, ‘ఇప్పటికైతే పరవాలేదు’ అని పంపిస్తారు. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం చెప్పలేదు.

ఇద్దరు ముగ్గురు డాక్టర్లు, నాలుగైదు యంత్రాలు ఉండి, నల్లగొండలోనో మిర్యాలగూడలోనో వనపర్తిలోనో నడిచే క్లినిక్‌ను దృష్టిలో పెట్టుకుని, యంత్రాల్లోని బొమ్మలను కంప్యూటరులోని రోగి రికార్డుతో ఎలా కలపాలో రాస్తున్నాను. హైదరాబాద్‌లోని ఎల్‌.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఐస్మార్ట్ పేరుతో సొంత రికార్డు వ్యవస్థనే తయారు చేసుకుంది. మనకు అంత బలగం లేదు. అదృష్టవశాత్తూ అంత అవసరమూ లేదు.

1. ముందు రోగి వెంట నడవండి

వైర్లు కొనడానికి ముందు ఒక ఉదయం ఖాళీ చేసుకోండి. చీటీ తీసుకున్న రోగి వెనకాలే నడవండి. కళ్లద్దాల పవరు కొలిచే ఆటోరిఫ్రాక్టర్ దగ్గర పేరు కొట్టారా, ఊరికే చూసి కాగితం చింపి ఇచ్చారా? కంటి ఒత్తిడి అంకె చేత్తో రాశారా? చుట్టూ ఎంత మేర చూపు ఉందో కొలిచే ఫీల్డ్ టెస్ట్ యంత్రంలో పుట్టిన తేదీ ఎవరు కొట్టారు, దేన్ని చూసి కొట్టారు? కంటి లోపలి పొరలను స్కాన్ చేసే ఓసీటీ రిపోర్టు ముద్రించారా, లేక డాక్టరే లేచి వెళ్లి తెర మీద చూశారా? ఒకే మనిషి పేరును నలుగురు నాలుగు చోట్ల కొడుతున్నారని మధ్యాహ్నానికల్లా మీకే తెలిసిపోతుంది.

తర్వాత ఒక్కో యంత్రం ముందు నిలబడి దాని మోడల్, సాఫ్ట్‌వేర్ వెర్షన్, దాన్ని నడిపే విండోస్ ఏదో రాసుకోండి. వెనక్కి వంగి చూస్తే నెట్‌వర్క్ కేబుల్ పెట్టే చోటు ఉందో, తొమ్మిది పిన్నుల పాత సీరియల్ పోర్టు ఒక్కటే ఉందో తెలుస్తుంది. ఆ జాబితా చేతిలో ఉంచుకుని, యంత్రం అమ్మిన కంపెనీకి ఫోను చేయండి. ‘డైకామ్ కన్ఫార్మెన్స్ స్టేట్‌మెంట్’ అనే పత్రం అడగండి. ఆసుపత్రి యంత్రాలు బొమ్మలను ఒకదానికొకటి పంపుకోవడానికి వాడే ఉమ్మడి భాషే డైకామ్. 1985లో మరో పేరుతో వచ్చిన ఈ ప్రమాణం 1993 నుంచి ఈ పేరుతో నడుస్తోంది. కంటి ఫోటోలకు, ఓసీటీకి, ఫీల్డ్ టెస్ట్‌కు, ఆటోరిఫ్రాక్టర్ అంకెలకు కూడా అందులో విడివిడిగా నమూనాలు ఉన్నాయి.

ఫోనులో ‘మా యంత్రం డైకామ్ చేస్తుంది సార్’ అనే మాటతో సరిపెట్టుకోకండి. బొమ్మలు పంపడం ఒక లైసెన్సు, రోగుల జాబితా తీసుకోవడం మరో లైసెన్సు అని విడిగా డబ్బు అడగడం మామూలే. ఇంకో మెలిక కూడా ఉంది. చాలా ఓసీటీలు పంపేది ముడి స్కాన్‌ను కాదు, రంగురంగుల రిపోర్టు పేజీని పీడీఎఫ్‌గా పంపుతాయి. రోజువారీ ఓపీకి అది చాలు. రెండేళ్ల స్కాన్లను పొర పొరగా పోల్చాలంటే మాత్రం చాలదు. ఏది పంపుతుందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. కొత్త యంత్రం కొనబోతున్నవారైతే ఈ రెండు లైసెన్సులనూ కొనుగోలు ఒప్పందంలోనే రాయించండి. డబ్బు కట్టేశాక బేరం చేసే బలం మీ చేతిలో ఉండదు.

2. నంబరు ఒక్కటే ఉండాలి

ఈ పనిలో చాలామంది వైర్లతో మొదలుపెట్టి ఇక్కడ ఇరుక్కుంటారు. యంత్రాన్ని రికార్డుతో కలిపేది రోగి నంబరు. ఆ నంబరు తేలకుండా ఎంత మంచి సర్వర్ పెట్టినా గందరగోళమే మిగులుతుంది.

పేరును నమ్మకండి. నల్లగొండ జిల్లాలో ఒక రోజు ఓపీలో ఎంతమంది యాదయ్యలు, ఎంతమంది సైదులులు వస్తారో రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయిని అడగండి. ‘సైదులు’ అనే ఒక్క పేరునే ఇంగ్లిషు అక్షరాల్లో కనీసం నాలుగు రకాలుగా రాస్తారు. ఇంటిపేరు ముందు రాసేవారు కొందరు, వెనక రాసేవారు కొందరు, రాయనివారు ఇంకొందరు. ఫోను నంబరుదీ అదే కథ. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను, వలస వెళ్లివచ్చేసరికి ఆ నంబరూ మారిపోతుంది. ఆధార్ నంబరునైతే యంత్రాల్లోకి ఎక్కించే ఆలోచనే పెట్టుకోకండి.

మీ క్లినిక్ సొంత నంబరు ఇవ్వండి. ఏడెనిమిది అంకెలు చాలు. ఊరి కోడ్, సంవత్సరం, డాక్టరు పేరు అంటూ అందులో అర్థాలు దూర్చకండి. రేపు డాక్టరు మారితే అర్థం పోతుంది, నంబరు మాత్రం మిగులుతుంది. అది మనిషికి ఒక్కసారే ఇవ్వాలి. ప్రతి రాకకూ విడిగా ఉండే ఓపీ నంబరు వేరు, ఈ నంబరు వేరు. దాన్ని బార్‌కోడ్‌గా ముద్రించి ఓపీ పుస్తకం అట్ట మీద అంటించండి. బార్‌కోడ్ రీడర్ కంప్యూటరుకు కీబోర్డులాగే కనిపిస్తుంది కాబట్టి, నంబరు కొట్టాల్సిన చాలా చోట్ల అది నేరుగా పనిచేస్తుంది. ప్రభుత్వ ఆరోగ్య ఖాతా అయిన ఆభా పద్నాలుగు అంకెల నంబరు ఉన్నవారిది రికార్డులో వేరే గడిలో రాసుకోండి. బయటి ఆసుపత్రులతో రికార్డు పంచుకునే రోజున అక్కరకు వస్తుంది. అందరికీ అది ఉండదు కాబట్టి దాన్నే మీ అసలు నంబరుగా చేసుకోవద్దు.

పుట్టిన తేదీ సంగతి చెప్పకపోతే ఈ భాగం పూర్తి కాదు. మన ఊళ్లలో పెద్దవాళ్లలో చాలామంది ఆధార్‌లో జనవరి 1నే పుట్టారు. వయసు అడిగితే ‘అరవై ఉంటాయి’ అంటారు, కార్డులో యాభై రెండు ఉంటుంది. మామూలు ఓపీలో దీంతో ఇబ్బంది లేదు. ఓసీటీ, ఫీల్డ్ టెస్ట్ మాత్రం రోగి ఫలితాన్ని అదే వయసువారి సాధారణ విలువలతో పోల్చి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు వేస్తాయి. వయసు పదేళ్లు తప్పితే రంగే మారిపోవచ్చు. నీటికాసుల (గ్లకోమా) అనుమానం ఉన్న మనిషికి అది చిన్న విషయమా? అందుకే రిసెప్షన్‌లో ఒక్కసారి నిదానంగా అడిగి, అంచనా మీద ఒక తేదీ తేల్చి, అన్ని యంత్రాలకూ అదే వెళ్లేలా చూడండి. ఓసీటీలో ఒక వయసు, ఫీల్డ్ టెస్ట్‌లో మరో వయసు ఉంటే రెండు రిపోర్టులను పక్కపక్కన పెట్టినా ఉపయోగం లేదు.

3. తీగలు, కరెంటు

దీన్ని త్వరగా ముగిద్దాం. ప్రతి యంత్రానికీ క్యాట్-6 కేబుల్ లాగించండి. వైఫై మీద ఓసీటీ స్కాన్లు పంపించాలనుకోకండి. 512×128 క్యూబ్ స్కాన్ ఒక్కటి, 1024 పిక్సెళ్ల లోతుతో, ముడిగా సుమారు 64 మెగాబైట్లు ఉంటుంది. రోజుకు ఇరవై మందికి రెండేసి కళ్లు చూస్తే రెండున్నర గిగాబైట్లు దాటుతుంది. ప్రతి యంత్రానికీ మారని ఐపీ చిరునామా ఇచ్చి, ఆ చిరునామాను యంత్రం మీదే చీటీ రాసి అంటించండి. సర్వర్‌కూ, కేబుళ్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్‌కూ యూపీఎస్ తప్పనిసరి. అన్ని యంత్రాల గడియారాలనూ సర్వర్ గడియారంతో కలపండి. కరెంటు పోయి వచ్చాక 2009 జనవరికి వెళ్లిపోయే పాత కంప్యూటరు ఒకటి ప్రతి క్లినిక్‌లోనూ ఉంటుంది. లోపల చచ్చిపోయిన చిన్న బ్యాటరీ మారిస్తే సరిపోతుంది.

4. బొమ్మల గిడ్డంగి

యంత్రాలన్నీ పంపే బొమ్మలు ఒక్కచోట చేరాలి. దానికి పాక్స్ అని పేరు. కొనుక్కోవచ్చు. ఉచితంగా దొరికే ఆర్థంక్ అనే సాఫ్ట్‌వేర్‌తోనూ మొదలుపెట్టవచ్చు. బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 2012లో మొదలైన ఓపెన్ సోర్స్ సర్వర్ అది, మామూలు కంప్యూటరు మీద కూడా నడుస్తుంది. దాన్ని నిలబెట్టి చూసుకునే మనిషి మీ దగ్గర లేకపోతే మాత్రం ఉచితం అనే మాట చూసి దిగకండి. శనివారం సాయంత్రం ఆగిపోతే ఎవరు వస్తారన్నదే అసలు ఖర్చు.

యంత్రం, సర్వర్ ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి మూడు వివరాలు కావాలి: ఏఈ టైటిల్ అనే పేరు, ఐపీ చిరునామా, పోర్టు నంబరు. ఏఈ టైటిల్ పదహారు అక్షరాలు దాటకూడదు. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా ఉన్నా కలవకపోవచ్చు కాబట్టి అన్నీ పెద్ద అక్షరాల్లోనే పెట్టండి. పోర్టుగా 104 గానీ 11112 గానీ ఎక్కువగా కనిపిస్తాయి, ఆర్థంక్ మాత్రం 4242తో వస్తుంది. ఈ మూడింటినీ యంత్రంలో సర్వర్ గురించి రాయాలి, సర్వర్‌లో యంత్రం గురించి రాయాలి. రెండో వైపు రాయడం మరచిపోయి, బొమ్మలు వెళ్తున్నా జాబితా మాత్రం రావడం లేదని తల పట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

రాశాక యంత్రంలో ‘ఎకో’ లేదా ‘వెరిఫై’ అనే మీట నొక్కండి. జవాబు వస్తే దారి తెరుచుకున్నట్టు. రాకపోతే నూటికి తొంభై సార్లు కారణం విండోస్ ఫైర్‌వాలే. దాన్ని మొత్తంగా ఆపేయకుండా ఆ ఒక్క పోర్టుకే అనుమతి ఇవ్వండి.

5. యంత్రం దగ్గర ఎవరూ పేరు కొట్టకూడదు

ఇదంతా చేసేది ఈ ఒక్క లాభం కోసమే అన్నా తప్పులేదు. రిసెప్షన్‌లో చీటీ రాసినప్పుడే, ‘ఈ రోగికి ఈ రోజు ఓసీటీ’ అనే వరుస తయారవుతుంది. ఓసీటీ గదిలోని అమ్మాయి తెర మీద వర్క్‌లిస్ట్ నొక్కితే ఈ రోజు రావలసినవారి పేర్లు వస్తాయి. ఆమె ఎంచుకుంటుంది, స్కాన్ తీస్తుంది. నంబరు, పేరు, పుట్టిన తేదీ తప్పు లేకుండా బొమ్మతోపాటు వెళ్తాయి.

రికార్డు సాఫ్ట్‌వేర్ అమ్మినవారిని అడగవలసిన ప్రశ్న ఒకటే: వర్క్‌లిస్ట్ ఇవ్వగలరా? ఇవ్వలేమంటే, కనీసం ఆ రోజు ఓపీ జాబితాను ఒక ఫైలుగా ఒక ఫోల్డరులో పడేయగలరా? ఆ ఫైలు నుంచి వర్క్‌లిస్ట్ తయారు చేసే చిన్న ప్రోగ్రామ్‌ను పట్టణంలో ఇంజినీరింగ్ చదివిన కుర్రవాళ్లు వారంలో రాసిపెట్టగలరు. ఆర్థంక్‌కు వర్క్‌లిస్ట్ ఫైళ్లను ఫోల్డరులోంచి చదివే అనుబంధం ముందే ఉంది.

పేర్లను వర్క్‌లిస్ట్‌లో ఇంగ్లిషు అక్షరాల్లోనే పంపండి. తెలుగు లిపి పంపడానికి డైకామ్‌లో ఏర్పాటు ఉన్నా చాలా యంత్రాల తెరల మీద అది ప్రశ్నార్థకాల వరుసగా కనిపిస్తుంది. తెలుగు పేరు రికార్డులో ఉండనివ్వండి.

6. మొండికేసే పాత యంత్రాలు

ఆటోరిఫ్రాక్టర్ ముద్రించే సన్న కాగితం సంగతి మీకు తెలుసు. ఏడాది తిరిగేసరికి ఫైలులో తెల్ల కాగితం, దానికి ఒక పిన్ను మిగులుతాయి. వేడికి రంగు మారే కాగితం కాబట్టి అక్షరాలు వెలిసిపోతాయి. ఆ అంకెలను రికార్డులోకి నేరుగా తేవాలంటే సీరియల్ పోర్టే దారి. సీరియల్ నుంచి యూఎస్‌బీకి మార్చే తీగ దొరుకుతుంది. బాడ్ రేటు, పారిటీ లాంటి నాలుగు అమరికలు యంత్రంలోనూ కంప్యూటరులోనూ ఒకేలా ఉండాలి. 9600 అనేది తరచుగా కనిపించే వేగం. తెర మీద పిచ్చి గుర్తులు వస్తున్నాయంటే తీగ మంచిదే, వేగం కలవలేదని అర్థం. ఏ తీగ పడితే అది కొనకండి, మామూలుదీ, లోపలి తీగలు అటూఇటూ మార్చి కలిపినదీ అని రెండు రకాలు ఉంటాయి, యంత్రం పుస్తకంలో ఏది కావాలో రాసి ఉంటుంది.

బయటికి ఏమీ పంపలేని యంత్రమైతే, రిపోర్టును పీడీఎఫ్‌గా ఒక ఉమ్మడి ఫోల్డరులో దాచమనండి. ఫైలు పేరు మొదట రోగి నంబరు ఉండాలి, బార్‌కోడ్ రీడర్‌తోనే పడాలి. ఆ ఫోల్డరును కనిపెట్టి చూసే ప్రోగ్రామ్ దాన్ని రోగి రికార్డుకు చేరుస్తుంది. కంటిని పెద్దదిగా చేసి చూసే స్లిట్ ల్యాంప్‌కు ఫోను బిగించి తీసే ఫోటోలకూ ఇదే దారి. అవి డాక్టరు సొంత ఫోనులో, పెళ్లి ఫోటోల మధ్య ఉండిపోకూడదు.

హైదరాబాద్ నుంచి వాట్సాప్‌లో వచ్చిన రిపోర్టులు, కంటి వెలుగు శిబిరాల్లో 2018లోనో 2023లోనో ఇచ్చిన చీటీలు పట్టుకొచ్చేవారూ ఉంటారు. వాటిని ‘బయటి రిపోర్టు’ అనే వేరే అరలో స్కాన్ చేసి పెట్టండి. మీ యంత్రం ఇచ్చిన బొమ్మల వరుసలో కలిపితే రేపు పోల్చేటప్పుడు తికమక అవుతుంది.

7. కుడి, ఎడమ

అన్నీ కలిశాక, అసలు రోగులను ముట్టుకోకముందు, ‘పరీక్ష’ అనే పేరుతో ఒక ఉత్తుత్తి నంబరు సృష్టించి మీ సిబ్బందిలోనే ఒకరిని కూర్చోబెట్టండి. కుడి కన్ను మాత్రమే తీయండి. అది రికార్డులో కుడి కన్ను కిందే వచ్చిందా చూడండి. తర్వాత ఎడమ. తర్వాత రెండూ. డైకామ్ ఫైలులో కన్ను ఏదో చెప్పే గడి ఒకటి ఉంటుంది, కుడికి ఆర్, ఎడమకు ఎల్, రెండింటికీ బి. కొన్ని యంత్రాలు దాన్ని ఖాళీగా పంపుతాయి. కొన్ని రికార్డు సాఫ్ట్‌వేర్లు ఖాళీ గడిని చూసి కుడి అని ఊహిస్తాయి. ఒక క్లినిక్‌లో మూడు వారాల పాటు ఎడమ కన్ను ఫోటోలన్నీ కుడి కింద చేరాయి. ఇంజెక్షన్ వేయబోతూ డాక్టరు తెర వైపు ఒకసారి చూసి ఆగబట్టి సరిపోయింది.

ఆ డాక్టరుకు ఎలా తెలిసిందో సిబ్బంది అందరికీ నేర్పండి. మామూలుగా తీసిన ఫండస్ ఫోటోలో, కుడి కన్నుదైతే తెల్లటి గుండ్రటి నరం తల మనకు కుడి వైపు కనిపిస్తుంది, ఎడమ కన్నుదైతే ఎడమ వైపు. పేరు చదవకుండానే కన్ను ఏదో చెప్పవచ్చు. వారానికోసారి పది ఫోటోలు తెరిచి ఇలా సరిచూసే పని ఒకరికి అప్పగించండి.

అదే రోజు ఇంకో పరీక్ష కూడా చేయండి. మార్చి 4న పుట్టిన ఒక ఉత్తుత్తి రోగిని సృష్టించి పంపండి. రికార్డులో ఏప్రిల్ 3గా వస్తే తేదీ వరుస తిరగబడిందన్నమాట. 25వ తేదీతో పరీక్షిస్తే ఈ తప్పు సరిగా బయటపడదు, అందుకే పన్నెండులోపు తేదీ తీసుకోవాలి.

8. డాక్టరు తెర మీద

రోగి రికార్డు తెరిస్తే, అక్కడే ఒక మీట నొక్కగానే ఆ రోగి బొమ్మలు, తేదీల వారీగా, కుడి ఒక పక్క, ఎడమ ఒక పక్క రావాలి. మళ్లీ పేరు వెతికే పని ఉండకూడదు. నీటికాసుల రోగికి నరం పొర మందం చూపే ఓసీటీ, ఫీల్డ్ టెస్ట్ ఒకే తెర మీద కలిసి కనిపిస్తే డాక్టరుకు చాలా సమయం మిగులుతుంది. మూడు నొక్కుళ్లు దాటితే డాక్టర్లు వాడరు, లేచి ఓసీటీ గదికే వెళ్తారు. ఈ విషయంలో మాత్రం వాళ్లదే న్యాయం.

ఎంత జాగ్రత్తపడినా రోజుకు ఒకటో రెండో బొమ్మలు తండ్రి లేని పిల్లల్లా మిగులుతాయి. రద్దీలో వర్క్‌లిస్ట్ వదిలేసి చేత్తో నంబరు కొట్టి ఉంటారు. సాయంత్రం తలుపులు వేసే ముందు ఆ మిగిలినవాటిని చూసి సరిచేసే పదిహేను నిమిషాల పని ఎవరిదో పేరు పెట్టి అప్పగించండి. మర్నాటికి వదిలేస్తే ఆ రోగి ఎవరో ఎవరికీ గుర్తుండదు.

9. తాళాలు, నకళ్లు

ఓసీటీతోపాటు వచ్చిన కంప్యూటరులో విండోస్ 7 ఉందా? 2020 జనవరి 14తో దానికి భద్రతా సవరణలు ఆగిపోయాయి. విండోస్ 10కు 2025 అక్టోబరు 14న ఆగిపోయాయి. మీ అంతట మీరు కొత్త విండోస్ ఎక్కిస్తే యంత్రం సాఫ్ట్‌వేరే ఆగిపోవచ్చు, కంపెనీ మద్దతు కూడా పోవచ్చు. అందుకని ఆ కంప్యూటరుకు ఇంటర్నెట్ ఇవ్వకండి, సర్వర్‌తో తప్ప మరి దేనితోనూ మాట్లాడకుండా స్విచ్‌లోనే వేరు చేయించండి. పెన్‌డ్రైవులు ఆ గదిలోకి రానివ్వకండి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి ఓపీ రోజుల తరబడి కాగితం మీద నడిచింది. అంత పెద్ద సంస్థకే అలా జరిగితే మన క్లినిక్ సంగతి చెప్పనక్కరలేదు.

దేవరకొండలో చిన్న విజన్ సెంటర్ ఉండి అక్కడి ఫోటోలు నల్లగొండకు రావాలంటే, సర్వర్ పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టకండి. రెండు చోట్ల మధ్య బయటివారికి కనపడని దారి వేసే వీపీఎన్ పెట్టించి, పగలు అక్కడే దాచుకుని, రాత్రి పంపేలా అమర్చండి. నెట్ పోయినా పని ఆగదు.

నకళ్లు మూడు ఉండాలి, అందులో ఒకటి వేరే భవనంలో. డాక్టరుగారి ఇంట్లో బీరువాలో పెట్టిన డిస్కు అయినా పరవాలేదు, లోపలి సమాచారానికి పాస్‌వర్డు రక్షణ ఉంటే చాలు. మూడు నెలలకోసారి ఆ నకలు నుంచి ఒక రోగి బొమ్మ తెరిచి చూడండి. ఓసీటీ సొంత డేటాబేసును కూడా విడిగా నకలు తీయండి, ముడి స్కాన్లు ఉండేది అందులోనే. చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు రికార్డు ఉంచాలని, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. నీటికాసుల, షుగరు రోగుల బొమ్మలను మాత్రం మూడేళ్లకే తీసేసే ఆలోచన పెట్టుకోకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దృష్ట్యా, సమాచారం దేనికి తీసుకుంటున్నారో చెప్పే అనుమతి పత్రాన్ని తెలుగులో ముద్రించండి. చదవలేనివారికి చదివి వినిపించండి.

10. మొదలుపెట్టే రోజు

సోమవారం వద్దు, సంత రోజు అసలే వద్దు. ఓపీ పలచగా ఉండే రోజు చూసుకుని ఒక్క యంత్రంతో మొదలుపెట్టండి. ఫండస్ కెమెరా మంచిది, ఫైళ్లు చిన్నవి, తప్పు కంటికి కనిపిస్తుంది. రెండు వారాలు కాగితమూ కంప్యూటరూ పక్కపక్కన నడవనివ్వండి. తర్వాత ఓసీటీ, ఆ తర్వాత ఫీల్డ్ టెస్ట్, చివరగా ఆటోరిఫ్రాక్టర్.

యంత్రాల్లో ఇప్పటికే పేరుకుపోయిన వేల బొమ్మలను ఒకేసారి ఎక్కించే ప్రయత్నం చేయకండి. పేర్లు కలవక నెలలు గడిచిపోతాయి. పాత రోగి మళ్లీ వచ్చిన రోజున, ఆయన ఓపీ నంబరు పట్టుకుని, పాత బొమ్మలు వెతికి, కొత్త నంబరు కింద చేర్చండి. పుణె నుంచి వచ్చే మేస్త్రీ ఫోటోలు ఆ లెక్కన దసరాకో సంక్రాంతికో వాటి చోటికి చేరతాయి.